ముట్టుకున్న చెయ్యి: గుంటూరు డాక్టరమ్మ అన్నా కుగ్లర్ జీవితం



మీరు గుంటూరు వైపు వాళ్లయితే కుగ్లర్ ఆసుపత్రి పేరు వినకుండా పెరిగి ఉండరు. మీ అమ్మగారు అక్కడ పుట్టి ఉండవచ్చు. మీ పిన్ని అక్కడే నర్సింగ్ నేర్చుకుని ఉండవచ్చు. కానీ ఆ పేరు ఎవరిది, ఆమె ఎక్కడి నుంచి వచ్చారు, వచ్చిన కొత్తలో ఆమెను గుమ్మం దగ్గరే ఎందుకు ఆపారు అని అడిగితే మనలో చాలామంది చెప్పలేం. ఈ నెల ఆమె జీవితాన్ని మీ ముందు పెడుతున్నాను.

దీనికి ఒక కారణం ఉంది. ఇక్కడ కార్లోలో మన ఆరాధనకు వచ్చే కుటుంబాలను చూడండి. కిల్కెనీలోని పెద్దాసుపత్రికి డ్యూటీకి వెళ్లేవారు, నర్సింగ్ హోముల్లో ముసలివాళ్లకు స్నానం చేయించి అన్నం తినిపించేవారు, రాత్రి డ్యూటీ దిగి నిద్ర లేకుండానే ఆదివారం పాటల పుస్తకం పట్టుకుని నిలబడేవారు మన మధ్య ఉన్నారు. మీలో కొందరికి ఒక అనుభవం ఎదురై ఉంటుంది. మీరు పక్క సర్దబోతే మీ రంగు చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నవారు, వేరే నర్సును పిలవమన్నవారు ఉంటారు. అలాంటి రోజు ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ మీరు ఏమనుకున్నారో మీకూ దేవునికే తెలుసు. ఆ రోజు కోసం ఈ జీవితకథ. ఇంకొక రోజు కోసం కూడా. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఫిలడెల్ఫియాలో ఒక కాలేజీ

అన్నా సారా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా పక్కనే ఉన్న ఆర్డ్‌మోర్ అనే ఊళ్లో పుట్టారు. ఆ రోజుల్లో ఆడపిల్ల డాక్టరు చదువుతానంటే ఇంట్లోనూ బజారులోనూ నవ్వేవారు. మగపిల్లలు చదివే మెడికల్ కాలేజీల్లో చాలావాటికి ఆడపిల్లలను రానిచ్చేవారు కాదు. అందుకే ఫిలడెల్ఫియాలో 1850లో స్త్రీల కోసమే ఒక వైద్య కళాశాల పెట్టారు. పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాల అది. 1869లో ఆ కాలేజీ అమ్మాయిలు పాఠం వినడానికి నగరంలోని పెద్దాసుపత్రికి వెళ్తే మగ విద్యార్థులు ఈలలు వేసి, అరిచి గోల చేశారు, ఉమ్మి కూడా వేశారు. అలాంటి రోజులవి. అన్నా కుగ్లర్ ఆ కాలేజీలోనే చదివి 1879లో డాక్టరయ్యారు.

ఆ కాలేజీలో ఆమెకు కొంచెం ముందూ వెనకా చదివిన మరికొందరి పేర్లు మీరు గుర్తుపెట్టుకోవాలి. రెబెకా కోల్ అనే నల్లజాతి యువతి అక్కడ 1867లో పట్టా పొందారు. అమెరికాలో డాక్టరైన రెండో నల్లజాతి స్త్రీ ఆమె. న్యూయార్క్ పేదవాడల్లో ఇంటింటికీ తిరిగి తల్లులకు శుభ్రత, పసిబిడ్డల పెంపకం నేర్పారు. నల్లవారిలో క్షయ మరణాలు ఎక్కువ కావడానికి వాళ్ల అజ్ఞానమే కారణమని చదువుకున్న పెద్దలు అంటుంటే, గాలి వెలుతురు లేని ఇరుకు ఇళ్లను అద్దెకిచ్చి డబ్బు చేసుకునే యజమానులను అడగండని ఆమె ఎదురు నిలిచారు. కేరోలిన్ స్టిల్ ఆండర్సన్ అనే మరో నల్లజాతి యువతి 1878లో, అంటే కుగ్లర్ కన్నా సరిగ్గా ఒక ఏడాది ముందు, అక్కడే డాక్టరయ్యారు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చే వందలాది మందిని రహస్యంగా దాటించిన విలియం స్టిల్ కూతురు ఆమె. మన దేశం నుంచి వెళ్లిన ఆనందీబాయి జోషి కూడా 1886లో ఆ కాలేజీలోనే పట్టా అందుకున్నారు. ఇంటికి తిరిగి వచ్చి, ప్రాక్టీసు మొదలుపెట్టకుండానే 1887లో 21 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

తలుపు మూసేస్తే ఇంకో తలుపు కట్టుకున్న కాలేజీ అది. కుగ్లర్ అమ్మగారి చదువు అక్కడ మొదలైందని మరచిపోకండి.

డాక్టరుగా పంపలేమన్నారు

చదువు అయ్యాక ఆమె నోరిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో పనిచేశారు. మంచి ఉద్యోగం, సొంత ఊరికి దగ్గర. ఆ సమయంలో గుంటూరు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడ లూథరన్ మిషనరీగా ఉన్న ఆడమ్ రో గారు రాసినది. తెలుగు స్త్రీలకు ఒక డాక్టరమ్మ ఎంత అవసరమో ఆయన అందులో వివరించారు.

ఆ అవసరం ఏమిటో మీ ముత్తవ్వల కథలు విన్నవారికి తెలుసు. పెద్ద కులాల ఇళ్లలోనూ ముస్లిం ఇళ్లలోనూ ఘోషా పాటించే స్త్రీలు పరాయి మగవాడి ఎదుటికి రారు. డాక్టరంటే మగవాడే కాబట్టి వాళ్లకు డాక్టరే లేడు. పురుడు అడ్డం తిరిగితే మంత్రసాని చెయ్యగలిగినంత చేసేది, ఆపైన చావే. ఇక మాలపల్లెలోనూ మాదిగపల్లెలోనూ పేద స్త్రీకి ఘోషా లేదు గానీ, ఆమె దగ్గరకు వచ్చే వైద్యుడు అసలే లేడు. ఒకామెను ఆచారం, ఇంకొకామెను పేదరికమూ కులమూ మందుకు దూరం చేశాయి.

ఉత్తరం చదివిన కుగ్లర్ తన సంఘంలోని స్త్రీల మిషనరీ సమాజానికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ సమాజానికి వైద్య పరిచర్య మొదలుపెట్టే ధైర్యం ఇంకా రాలేదు. డాక్టరుగా పంపలేం, స్త్రీలకు చదువు చెప్పే మిషనరీగా అయితే పంపుతామన్నారు. మీరైతే ఏం చేసేవారు? ఇన్నేళ్ల చదువును పక్కన పెట్టి ఇంకో పనికి వెళ్లమంటే మనలో చాలామందికి మనసు నొచ్చుకుంటుంది. ఇక్కడికొచ్చిన కొత్తలో మన చదువుకు తక్కువ పనిలో చేరిన వాళ్లకు ఆ బాధ తెలుసు. ఆమె సరేనన్నారు. అయితే మందులకూ పరికరాలకూ కావలసిన డబ్బు తనే కూడబెట్టుకుని వెంట తెచ్చుకున్నారు. 1883 ఆగస్టులో ఓడ ఎక్కి, నవంబరు 29న గుంటూరు చేరారు.

గుమ్మం దగ్గర

గుంటూరులో లూథరన్ మిషన్ అప్పటికే పాతది. ఫాదర్ హేయర్ గారు 1842లో వచ్చి మొదలుపెట్టారు. సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల విశ్వాసులు. కుగ్లర్ పేరుకు ఉపాధ్యాయిని. పొద్దున బడుల పని చూసుకుంటూ, తెలుగు నేర్చుకుంటూ, పిలిచిన ఇంటికి మందుల పెట్టెతో వెళ్లేవారు. ఆ మొదటి ఏడాదిలోనే ఇళ్లకు వెళ్లి 185 మందికి, తను ఉండే చోటికి వచ్చిన మరో 276 మందికి వైద్యం చేశారు. ఆసుపత్రి లేదు, మంచం లేదు, తోడు నర్సు లేదు.

అడ్డు వచ్చింది అదొక్కటే కాదు. మడి పాటించే ఇళ్లలో తెల్లదొరసాని అయినా ఆమె చెయ్యి మైలే. ఆమె అంటరానివారని పిలిచిన మనుషులతో కలిసి తిరిగే మనిషి, వాళ్లతో కూర్చునే మనిషి. పరాయి చెయ్యి తగిలితే స్నానం చెయ్యాలి, బట్ట మార్చాలి. పరాయి నీళ్లు కలిపిన మందు గొంతు దిగకూడదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న మనిషి నాడి చూడాలంటే ముట్టుకోక తప్పదు. ముట్టుకుంటే మైల. ఈ రెంటి మధ్య ఆ ఇంటి ఆడవాళ్లు నలిగిపోయేవారు.

ఇక్కడ మన కార్లో మనిషిని ఒకరిని తలుచుకోవాలి. మన పక్కనే బారో నది ఒడ్డున లాక్లిన్‌బ్రిడ్జ్‌లో 1820లో పుట్టిన శాస్త్రవేత్త జాన్ టిండాల్, సరిగ్గా ఆ 1870ల్లోనే లండన్‌లో కూర్చుని గాలిలోని దుమ్ములో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయని, కుళ్లుకు కారణం అవేనని ప్రయోగాలతో చూపిస్తున్నారు. ఆయన పాస్చర్ పక్షాన నిలిచి వాదించిన మనిషి. అంటే నిజమైన మైల ఏమిటో లోకానికి అప్పుడప్పుడే తెలుస్తోంది. అది చేతులు కడుక్కోకుండా పురుడు పోసినప్పుడు, మురికి గుడ్డతో పుండు తుడిచినప్పుడు అంటేది. ఏ కులంలో పుట్టామన్న దానితో ఆ క్రిమికి పని లేదు. కుగ్లర్ గుంటూరు ఇళ్లలోకి ఈ శుభ్రతను తీసుకుని వెళ్లారు. ఆ ఇళ్లవారు వేరే శుభ్రత పేరుతో ఆమెను గుమ్మం దగ్గర ఆపారు.

ఆమె కోపగించుకుని తిరిగి వెళ్లిపోలేదు. మళ్లీ పిలుపు వస్తే మళ్లీ వెళ్లారు. ఒక బిడ్డ బతికితే ఆ వీధి మొత్తానికి తెలుస్తుంది. తర్వాతి వారం పక్కింటి తలుపు తెరుచుకుంటుంది. అలా ఒక్కొక్క తలుపు. కుష్ఠురోగిని మన ప్రభువు ముట్టుకున్న సంగతి మీకు తెలుసు. మాటతోనే బాగుచెయ్యగలిగిన ప్రభువు అతన్ని ముట్టుకునే బాగుచేశాడు. చాలా ఏళ్లుగా ఎవరి చెయ్యీ తగలని ఆ మనిషికి ఆ స్పర్శ కూడా స్వస్థతలో భాగమే. కుగ్లర్ అమ్మగారి వైద్యం ఆ దారిలో నడిచింది.

పద్నాలుగేళ్ల ఎదురుచూపు

రెండేళ్లు గడిచాక, 1885 డిసెంబరులో సమాజం ఆమెను వైద్య మిషనరీగా ఒప్పుకుంది. పని అప్పటికే నడుస్తోంది, పేరు ఆ తర్వాత వచ్చింది. దవాఖానా మొదలైంది. సెలవు మీద స్వదేశం వెళ్లినప్పుడు కూడా ఆమె సంఘం తర్వాత సంఘం తిరిగి గుంటూరు ఆసుపత్రి కోసం నిధులు కూడగట్టారు. 1893లో దవాఖానాకు సొంత భవనం ఏర్పడింది. చివరికి 1897 జూన్ 23న 50 పడకల ఆసుపత్రి తెరుచుకుంది. ఆమె గుంటూరులో అడుగుపెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు కావస్తోంది.

అంతకు ముందు 1885లో మద్రాసులో స్త్రీల కోసం ఒక పెద్ద ఆసుపత్రి మొదలైంది. ఎంతో మేలు చేసిన సంస్థ అది. అయితే కులం గల స్త్రీలకు, ఘోషా స్త్రీలకు అని దాని పేరులోనే రాశారు. అలా రాయకపోతే పెద్దింటి స్త్రీలు రారని అనుకున్న కాలం. గుంటూరు ఆసుపత్రి పేరులో అలాంటి మాట లేదు. బ్రాహ్మణ స్త్రీలు వచ్చారు, ముస్లిం స్త్రీలు వచ్చారు, మాలపల్లె మాదిగపల్లె స్త్రీలు వచ్చారు. డాక్టరమ్మ అందరికీ ఒక్కరే.

అందరూ మారిపోయారని చెబితే అది అబద్ధం అవుతుంది. ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు గారు తెలుగు కవి, సాహిత్య పోషకులు. తన ఇంటివారికి కుగ్లర్ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆయన ఆసుపత్రికి ఎదురుగా ఒక సత్రం కట్టించారు. రోగుల వెంట వచ్చే హిందూ కుటుంబాలు అక్కడ బస చేసేవి. అది ఎంతో ప్రేమతో ఇచ్చిన కానుక. వేరే చోట ఉండాలన్న ఆచారం ఇంకా అలాగే ఉందని కూడా అదే చెబుతుంది. కుగ్లర్ ఆ కానుకను ఆనందంగా అందుకున్నారు. ముందు ప్రాణం నిలవాలి, మనసు మారడానికి ఇంకా సమయం ఉంటుంది.

మేరీ బేర్ అనే మరో డాక్టరమ్మ, కేథరిన్ ఫాస్ అనే నర్సు ఆమెతో కలిశారు. తెలుగు అమ్మాయిలకు నర్సింగ్ శిక్షణ మొదలైంది. ఈ మాట దగ్గర, నర్సు అక్కలారా, చెల్లెళ్లారా, మీరు కాసేపు ఆగండి. రక్తం, చీము, పురిటి బట్టలు ముట్టుకునే పని కాబట్టి పెద్దింటి వారు ఆ రోజుల్లో తమ ఆడపిల్లలను నర్సింగుకు పంపేవారు కాదు. మొదట ముందుకొచ్చింది క్రైస్తవ ఇళ్ల అమ్మాయిలు. వారిలో చాలామంది, ఊరి బావిలో చేద వెయ్యనివ్వని ఇళ్ల నుంచి వచ్చినవారు. ఊరు ఎవరి చెయ్యి మైల అన్నదో, జ్వరం వచ్చిన రాత్రి ఆ చెయ్యే ఊరివారి నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఈ రోజు మీరు వేసుకునే యూనిఫాం వెనుక వాళ్లున్నారు.

ప్రభుత్వం 1905లోనూ, మళ్లీ 1917లోనూ కుగ్లర్‌కు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1928లో ఆమె గుంటూరు ఆసుపత్రి చరిత్రను పుస్తకంగా రాశారు. 1930 జూలై 26న, 74 ఏళ్ల వయసులో, గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. 47 ఏళ్ల పరిచర్య. ఆ తర్వాత ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది.

అదే కాలేజీ, ఇంకో గుమ్మం

ఇప్పుడు మొదట్లో చెప్పిన కేరోలిన్ స్టిల్ దగ్గరకు మళ్లీ వెళ్దాం. పట్టా చేతికొచ్చాక ఆమె బోస్టన్‌లో ఒక ఆసుపత్రిలో ఇంటర్న్‌గా చేరడానికి దరఖాస్తు పెట్టుకున్నారు. అది స్త్రీల కోసం స్త్రీలే నడిపే ఆసుపత్రి. మగ డాక్టర్లు తమను రానివ్వలేదని బాధపడి, ఆ బాధలోంచి కట్టుకున్న సంస్థ. అలాంటిచోట కేరోలిన్ నల్లజాతి మనిషని కాదన్నారు. ఆమె రైలెక్కి బోస్టన్ వెళ్లి, ఆ పెద్దల ఎదుట నిలబడ్డారు. ఆమెను చూసి, ఆమెతో మాట్లాడాక వారు మనసు మార్చుకుని ఏకగ్రీవంగా చేర్చుకున్నారు. తర్వాత ఆమె ఫిలడెల్ఫియాలో పాస్టరుగా ఉన్న మాథ్యూ ఆండర్సన్ గారిని వివాహం చేసుకుని, ఆయన చర్చిలోనే పేద నల్లవారి కోసం దవాఖానా నడిపారు. ఆదివారం ఆరాధన జరిగే చోటే రోగులకు మందులు.

ఇద్దరి జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కుగ్లర్ కష్టాలు పడ్డారు, నిజమే. కానీ ఆమె తెల్లవారు. ఏలే ప్రభుత్వం ఆమెను గౌరవించింది, పతకం ఇచ్చింది. కేరోలిన్‌కు సొంత దేశంలోనే, తన లాంటి స్త్రీల దగ్గర కూడా తలుపు తట్టి నిలబడాల్సి వచ్చింది. ఆమె ఎక్కువ దూరం ప్రయాణించలేదు గానీ, ఆమె దాటిన గడప ఎత్తయినది. ఇద్దరూ దేవుని చేతిలో పనిముట్లే. ఒకరిని తలచుకుని ఇంకొకరిని మరచిపోతే మన కృతజ్ఞత సగమే అవుతుంది.

బోస్టన్‌లో జరిగిన ఆ సంగతి నన్ను వదలడం లేదు. ఒకప్పుడు గెంటివేయబడినవారే ఇంకొకరిని గెంటివేశారు. బాధ పడినంత మాత్రాన మనసు మెత్తబడదు.

మన చేతులు

మొదట్లో ఇంకొక రోజు అన్నాను కదా. అది ఇదే.

మన రంగు చూసి ఎవరైనా చెయ్యి వెనక్కి తీసుకుంటే మనకు ఎంత నొప్పో మనకు తెలుసు. పిల్లలను పడుకోబెట్టాక ఫోనులో ఇంటికి చెప్పుకుని ఏడ్చినవారు మనలో ఉన్నారు. అదే మనం, మన అబ్బాయికి సంబంధం చూసేటప్పుడు మొదట ఏమడుగుతున్నాం? రక్షణ పొందిన అమ్మాయా అని అడిగి, ఆ వెంటనే గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న అడగడం లేదా? ఒకే వాక్యం విని, ఒకే గిన్నెలో నుంచి ప్రభువు బల్ల తీసుకుని, బయటికొచ్చాక ఫలానావారి ఇంట్లో భోజనానికి వెళ్లకుండా తప్పించుకోవడం లేదా? ఇదే ఊళ్లో మనతో పాటు వార్డులో పనిచేసే నైజీరియా సహోదరి గురించి, ఆమె వినదు కదా అని, మన భాషలో మనం అనుకునే మాటలు ప్రభువు ఎదుట చెప్పగలమా?

మిమ్మల్ని నొప్పించడానికి ఇది రాయడం లేదు. ముందు నన్ను నేను అడుగుకున్న ప్రశ్నలే ఇవి.

కుగ్లర్ అమ్మగారు గుంటూరు ఇళ్ల ముందు నిలబడి నేర్పినది చిన్న సంగతే. మందు పనిచెయ్యాలంటే ముందు ముట్టుకోవాలి. ఎవరినీ తాకకుండా, ఎవరి చేతా తాకబడకుండా స్వస్థత రాదు. అది శరీరానికైనా, సంఘానికైనా. గాయపడి దారి పక్కన పడి ఉన్నవాడిని యాజకుడూ లేవీయుడూ చూసి పక్కగా వెళ్లిపోతే, గాయం కట్టింది సమరయుడు. ఆ గాయపడినవాడు తన ఊళ్లో ఆ సమరయుడిని ఇంటికి పిలిచేవాడేనా అని ఎప్పుడైనా ఆలోచించారా?

ఈ వారం మీరు డ్యూటీకి వెళ్లినప్పుడు ఎవరైనా మీ చెయ్యి వద్దంటే, కుగ్లర్ అమ్మగారిని తలచుకోండి. గుమ్మం దగ్గర ఆగి, రేపు మళ్లీ వెళ్లిన ఆ ఓర్పును ప్రభువును అడగండి. కేరోలిన్‌ను తలచుకోండి. తన గౌరవం వదులుకోకుండా వెళ్లి ఎదుట నిలబడి మాట్లాడిన ఆ ధైర్యాన్ని కూడా అడగండి. ఫిర్యాదు చెయ్యవలసిన చోట చెయ్యండి, అది విశ్వాసానికి విరుద్ధం కాదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, టీ కప్పులు పట్టుకుని నిలబడినప్పుడు, ఇన్నాళ్లూ మీరు పలకరించని కుటుంబం వైపు నాలుగడుగులు వెయ్యండి. చెయ్యి చాపండి. ఇంటికి భోజనానికి పిలవండి. వాళ్లింటికి పిలిస్తే వెళ్లి, వాళ్లు పెట్టింది తినండి.

మూసిన తలుపులను ఒక్కొక్కటిగా తెరిచిన దేవుడు, మన చేతులతో మనమే మూసిన తలుపులను కూడా తెరుచునుగాక. ఆమేన్.